టెస్టు పాసైతే లైసెన్సు వచ్చినట్టేనా?

డ్రైవింగ్ టెస్టు తర్వాతి సంగతుల మీద ఈసారి ప్రశ్నలు బాగా వచ్చాయి. ఒకే సందేహాన్ని నలుగురు నాలుగు రకాలుగా అడిగితే కలిపి ఒక్కటిగా వేశాం. జవాబుల్లోని రుసుములు కేంద్ర మోటారు వాహనాల నిబంధనల్లో ఉన్నవి. సేవా రుసుము, కార్డు, పోస్టు ఖర్చుల పేరుతో రాష్ట్రాలు తీసుకునేది వాటికి అదనం.

ప్రశ్న: శుక్రవారం నాగోలు ట్రాక్‌లో కారు టెస్టు పాసయ్యాను. బ్రేక్ ఇన్‌స్పెక్టర్ పాస్ అన్నారు, ఫోనుకు మెసేజ్ వచ్చింది. కార్డు ఇంకా రాలేదు. ఆదివారం ఇంట్లోవాళ్లను తీసుకుని యాదగిరిగుట్ట వెళ్లొద్దామనుకుంటున్నాను. నడపొచ్చా? – ఉప్పల్ పాఠకుడు

కార్డు రాకపోవడం అడ్డంకి కాదు. లైసెన్సు జారీ అయిందా లేదా, అది చూసుకోవాలి. టెస్టు పాసవడం, లైసెన్సు జారీ కావడం ఒకటే అనుకుని చిక్కుల్లో పడేవాళ్లు చాలామంది.

ట్రాక్ మీద మీ పని అయిపోయాక ఆఫీసు పని మొదలవుతుంది. బ్రేక్ ఇన్‌స్పెక్టర్ మీ ఫలితాన్ని కంప్యూటర్లో ఎక్కిస్తారు. ఆ దరఖాస్తు లైసెన్సింగ్ అధికారి ఆమోదానికి వెళ్తుంది. ఆయన సరే అన్నాకే లైసెన్సు నంబరు, జారీ తేదీ పడతాయి. మీరు లైసెన్సుదారు అయ్యేది ఆ తేదీ నుంచి. కార్డు ప్రింటు కావడం, స్పీడ్ పోస్టులో రావడం ఆ తర్వాతి సంగతి.

కాబట్టి ముందు ఆ మెసేజ్‌ను ఇంకోసారి చదవండి. టెస్టులో ఉత్తీర్ణులయ్యారని మాత్రమే ఉందా, లైసెన్సు నంబరు కూడా ఉందా? లేకపోతే రవాణా శాఖ సైట్లో దరఖాస్తు నంబరు, పుట్టిన తేదీ కొట్టి స్టేటస్ చూడండి. శుక్రవారం మధ్యాహ్నం టెస్టు అయినవాళ్ల దరఖాస్తు సోమవారం దాకా కదలకపోవడం మామూలే.

నంబరు వచ్చి ఉంటే డిజిలాకర్‌లోకో ఎంపరివాహన్‌లోకో లైసెన్సు తెచ్చుకుని హాయిగా వెళ్లండి. 2018 నవంబరులో కేంద్రం నిబంధన 139ని సవరించింది. అప్పటి నుంచి ఎలక్ట్రానిక్ రూపంలో చూపించిన పత్రాలను తనిఖీ అధికారి ఒప్పుకోవాలి. అయితే ఆ యాప్‌లో తెరిచి చూపించేది చెల్లుతుంది గానీ, ఫోను గ్యాలరీలో దాచుకున్న ఫొటో, వాట్సాప్‌లో అన్నయ్య పంపిన స్క్రీన్‌షాట్ చెల్లవు.

నంబరు రాకపోతే మీ దగ్గర ఉన్నది ఇంకా ఎల్‌ఎల్‌ఆరే, అంటే నేర్చుకునేవాళ్లకు ఇచ్చే తాత్కాలిక లైసెన్సే. ఎల్‌ఎల్‌ఆర్‌తో నడపడం నేరం కాదు, కానీ నిబంధన 3 పాటించాలి. కారు లైసెన్సు ఉన్న మనిషి మీ పక్క సీట్లో, అవసరమైతే బండిని ఆపగలిగేలా కూర్చోవాలి. బండికి ముందూ వెనకా తెల్లని నేల మీద ఎర్రటి ఎల్ ఉండాలి. దాని కొలతలు కూడా నిబంధనల్లోనే ఉన్నాయి: పలక 18 సెంటీమీటర్ల చదరం, అక్షరం ఎత్తు 10, మందం 2, అడుగున వెడల్పు 9 సెంటీమీటర్లు. వెనక అద్దం మూలలో అంటించే అరచేయంత స్టిక్కరు ఈ లెక్కకు సరిపోదు. పక్కన అలాంటి మనిషి లేకుండా ఒక్కరే నడిపితే లైసెన్సు లేకుండా నడిపినట్టే. మోటారు వాహనాల చట్టంలోని 181వ సెక్షన్ కింద జరిమానా 5,000 రూపాయలు, లేదా మూడు నెలల దాకా జైలు, లేదా రెండూ. బండి మీది కాకపోతే ఇచ్చిన యజమాని మీద 180 కింద ఇంకో కేసు. రోడ్డు మీద రాసే చలానా మొత్తం రాష్ట్రాన్ని బట్టి మారుతుంది.

చలానా కట్టేసి మర్చిపోవచ్చు. బీమా అలా కాదు. మామూలు కారు పాలసీలో డ్రైవరు క్లాజు అని ఒకటి ఉంటుంది. ఎల్‌ఎల్‌ఆర్ ఉన్నవాళ్లు కూడా నడపొచ్చని, అయితే నిబంధన 3 పాటిస్తేనేనని అందులో రాసి ఉంటుంది. ఒంటరిగా నడుపుతూ గుద్దితే మీ కారు రిపేరు ఖర్చు కంపెనీ ఇవ్వనంటుంది. అవతలివాళ్లకు పరిహారం మాట వేరు. 2004లో స్వరణ్ సింగ్ కేసులో సుప్రీంకోర్టు చెప్పిన దాన్ని బట్టి, కంపెనీని ముందు బాధితులకు చెల్లించి, తర్వాత యజమాని నుంచి రాబట్టుకోమని కోర్టు ఆదేశించవచ్చు. అప్పుడా మొత్తం మీ ఇంటి మీదకు వస్తుంది. అదే తీర్పు ఎల్‌ఎల్‌ఆర్‌నూ లైసెన్సుగానే లెక్కగట్టింది. అంటే పక్కన మనిషి, ఎల్ బోర్డు ఉంటే మీకు రక్షణ ఉంది.

మీ ప్రశ్నకు సూటిగా: నంబరు వచ్చిందా, వెళ్లండి. రాలేదా, లైసెన్సున్న పెద్దవాళ్లను ముందు సీట్లో కూర్చోబెట్టుకుని వెళ్లడానికి చట్టం అడ్డు రాదు. అయినా ఆదివారం వరంగల్ హైవే రద్దీలో, బండినిండా పిల్లలతో, తొలి ప్రయాణం ఎందుకన్నది మా అభిప్రాయం.

ప్రశ్న: లైసెన్సు నంబరు వచ్చి నెల దాటింది, కార్డు రాలేదు. డబ్బులిస్తే ఆఫీసు నుంచి చేతికే ఇప్పిస్తానంటున్నాడు ఒక ఏజెంటు. – కూకట్‌పల్లి పాఠకురాలు

ఇవ్వకండి. కార్డు పోస్టులో పంపడానికి మీ దగ్గర డబ్బు ముందే తీసుకున్నారు. దరఖాస్తు స్టేటస్‌లో పంపినట్టు ఉంటే స్పీడ్ పోస్టు నంబరు దొరుకుతుంది. దాన్ని ఇండియా పోస్టు సైట్లో కొడితే కార్డు ఏ పోస్టాఫీసు దాకా వచ్చిందో తెలుస్తుంది.

ఎక్కువసార్లు జరిగేది ఇది: దరఖాస్తులో చిరునామా ఆధార్ నుంచి వస్తుంది. ఆధార్‌లో అపార్ట్‌మెంటు పేరు ఉండి ఫ్లాట్ నంబరు ఉండదు, లేదా బై నంబర్ల ఇంటి నంబరులో ఒక అంకె పోతుంది. ఇల్లు మారి రెండేళ్లయినా ఆధార్ మార్చరు. పోస్ట్‌మన్ వచ్చేసరికి తాళం ఉంటుంది. దొరక్కపోతే కవరు పంపిన ఆఫీసుకే తిరిగి వెళ్తుంది. అప్పుడు దరఖాస్తు రసీదు, ఆధార్ పట్టుకుని జారీ చేసిన ఆర్టీఏ ఆఫీసుకు మీరే వెళ్లి, తిరిగొచ్చిన కార్డుల కౌంటరు ఎక్కడో అడగండి. ఇల్లు మారి ఉంటే ముందు లైసెన్సులో చిరునామా మార్పుకు దరఖాస్తు పెట్టండి. రుసుము 200. లేకపోతే రేపు డూప్లికేట్ తీసుకున్నా అదీ పాత ఇంటికే పోతుంది.

ప్రశ్న: మా అబ్బాయి ఎం.ఎస్.కు అమెరికా వెళ్తున్నాడు. పోయిన వారం లైసెన్సు వచ్చింది. ఇంటర్నేషనల్ డ్రైవింగ్ పర్మిట్ తీసుకుందామంటే పేరు తేడా ఉందంటున్నారు. లైసెన్సులో ఇంటిపేరు పొడి అక్షరంగా ఉంది. – గుంటూరు పాఠకుడు

ఇది మన ఇళ్లలో పాత చిక్కే. ఆధార్‌లో పేరుకు ముందు ఒక పొడి అక్షరం. పదో తరగతి మెమోలో ఇంటిపేరు పూర్తిగా, ముందు. పాస్‌పోర్టులో అదే ఇంటిపేరు సర్‌నేమ్ గడిలోకి వెళ్లి కూర్చుంటుంది. మనకు ముగ్గురూ ఒక్కరేనని తెలుసు, కంప్యూటరుకు తెలియదు. ఎల్‌ఎల్‌ఆర్‌ను ఆధార్ ధ్రువీకరణతో తీసుకున్నప్పుడు పేరు, పుట్టిన తేదీ, చిరునామా అక్కడి నుంచే వచ్చి పడతాయి. ఎల్‌ఎల్‌ఆర్‌లో పడిన పేరే లైసెన్సులోకి దిగుతుంది. అందుకే పిల్లలకు ఎల్‌ఎల్‌ఆర్ తీయించే ముందే ఆధార్ పేరును పాస్‌పోర్టు ప్రకారం దిద్దించడం అన్నిటికన్నా తక్కువ శ్రమ.

మీకు ఆ దశ దాటింది కాబట్టి వరుస ఇలా పెట్టుకోండి. ముందు ఆధార్‌లో పేరు పూర్తిగా మార్పించండి, ఆధారంగా పాస్‌పోర్టు చూపించండి. అది నవీకరణ అయ్యాక లైసెన్సులో పేరు సవరణకు దరఖాస్తు చేసి పాస్‌పోర్టు, పదో తరగతి మెమో జతచేయండి. పేరు మారిన లైసెన్సు వచ్చాక పర్మిట్‌కు వెళ్లండి. మూడూ ఒకేసారి మొదలుపెట్టి పాత పేరుతో పర్మిట్ దరఖాస్తు పెడితే అభ్యంతరం రాస్తారు, వెళ్లే తేదీ మీద పడుతుంది.

పర్మిట్ దరఖాస్తు ఫారం 4ఎ, రుసుము 1,000 రూపాయలు. ఇచ్చేది మీ అబ్బాయి ఉండే ప్రాంతపు రవాణా కార్యాలయం. గడువు ఏడాది, లేదా లైసెన్సు ముగిసేదాకా, ఏది ముందైతే అది. 2021 జనవరి సవరణ తర్వాత వైద్య ధ్రువపత్రం, వీసా తప్పనిసరి కాదు. విదేశంలో ఉండగా పర్మిట్ గడువు తీరితే భారత దౌత్య కార్యాలయం ద్వారా కొత్తదానికి దరఖాస్తు చేసుకునే వీలూ ఆ సవరణతోనే వచ్చింది. 2022 నుంచి దేశమంతటా పర్మిట్ ఒకే నమూనాలో, క్యూఆర్ కోడుతో వస్తోంది.

ఒకటి గుర్తు పెట్టుకోండి. పర్మిట్ ఒక్కటే లైసెన్సు కాదు, అసలు లైసెన్సు కూడా జేబులో ఉండాలి. ఇంతకీ పర్మిట్ ఎన్నాళ్లు పనికొస్తుందన్నది అక్కడి చట్టం చెబుతుంది. మనవాళ్లు ఎక్కువగా వెళ్లే టెక్సాస్‌లో, అక్కడ స్థిరపడటానికి వచ్చినవాళ్లు గడువున్న సొంత దేశపు లైసెన్సుతో 90 రోజులు నడపొచ్చు. ఆ తర్వాత అక్కడి లైసెన్సు తీసుకోవాల్సిందే. అమెరికాలోనే ఇంకో రాష్ట్రమైతే లెక్క వేరు. బ్రిటన్‌లో నివాసం ఉండేవాళ్లకు మన లైసెన్సు 12 నెలలు చెల్లుతుంది. లైసెన్సు మార్చి ఇచ్చే దేశాల జాబితాలో భారత్ లేదు కాబట్టి ఆ తర్వాత థియరీ, ప్రాక్టికల్ రెండు పరీక్షలూ పాసవ్వాలి.

ప్రశ్న: నాకు స్కూటీ మీద లైసెన్సు వచ్చింది. మా ఆయన బైకు కూడా నడపొచ్చుగా? రెండూ టూ వీలర్లే కదండీ. – భీమవరం పాఠకురాలు

నడపకూడదండీ. కార్డులో తరగతుల దగ్గర చూడండి. ఎంసీడబ్ల్యూఓజీ అని ఉంటే గేరు లేని బండికే. ఎంసీడబ్ల్యూజీ అని ఉంటేనే గేరు బండికి. మొదటి దానితో బైకు నడిపితే చట్టం దృష్టిలో మీకు ఆ బండికి లైసెన్సే లేదు. అటు నుంచి చూస్తే, గేరు బండికి పాసైనవాళ్లకు స్కూటీ కోసం మళ్లీ టెస్టు అక్కర్లేదు. అందుకే ఇద్దరూ నడిపే ఇంట్లో మొదటే గేరు బండి మీద టెస్టు ఇవ్వడం లాభం.

ఇప్పుడు మీరు చేయాల్సింది కొత్త లైసెన్సు కాదు, ఉన్నదానికి తరగతి చేర్చుకోవడం. గేరు బండికి ఎల్‌ఎల్‌ఆర్ తీసుకోవాలి (150, దాని పరీక్షకు 50). 30 రోజులు ఆగాలి. టెస్టు ఇవ్వాలి (300). తరగతి చేర్చడానికి 500. నంబరు పాతదే ఉంటుంది, కార్డు మాత్రం కొత్తది వస్తుంది. ఈ నెల రోజులూ బైకు నేర్చుకునేటప్పుడు వెనక మీ ఆయన తప్ప, అంటే నేర్పే మనిషి తప్ప, ఇంకెవరూ కూర్చోకూడదు. మీ అమ్మాయిని స్కూల్లో దింపి రావడం కుదరదు.

పదహారేళ్లకే లైసెన్సు ఇస్తారట కదా, మా బాబుకు స్కూటీ కొనిపెట్టొచ్చా అని ఇంకొందరు అడిగారు. ఆ వయసులో ఇచ్చేది 50 సీసీ మించని గేరులేని బండికే. ఇప్పుడు షోరూముల్లో ఉన్న పెట్రోలు స్కూటర్లు 110, 125 సీసీవి. వాటికి 18 నిండాలి. మైనరు నడుపుతూ దొరికితే 199ఎ సెక్షన్ కింద తల్లిదండ్రులకో యజమానికో 25,000 జరిమానా, మూడేళ్ల దాకా జైలు, బండి రిజిస్ట్రేషన్ 12 నెలలు రద్దు. పిల్లాడికి 25 ఏళ్లు వచ్చేదాకా లైసెన్సు ఇవ్వరు. 250 వాట్లు, గంటకు 25 కిలోమీటర్లు మించని బ్యాటరీ బండ్లకు లైసెన్సు అవసరం లేదు.

ప్రశ్న: కారు టెస్టులో రెండుసార్లు పోయింది, రెండూ ఇంగ్లిషు హెచ్ అక్షరం ఆకారంలో ఉండే ట్రాక్ దగ్గరే. ఎల్‌ఎల్‌ఆర్ ఇంకో నెలే ఉంది. – కర్నూలు పాఠకుడు

మీకు మిగిలింది ఒక్క అవకాశమే అనుకుని స్లాట్ బుక్ చేయండి. ఒకసారి పోతే ఏడు రోజుల తర్వాతే మళ్లీ రావాలి. మూడోసారీ పోతే ఆఖరి టెస్టు నుంచి 60 రోజులు ఆగాలి. మోటారు వాహనాల చట్టానికి 2019లో చేసిన సవరణ తర్వాత ఆ మధ్యలో దిద్దుబాటు శిక్షణ కూడా తీసుకోమనే వీలుంది. ఎల్‌ఎల్‌ఆర్ ఆయుష్షు ఆరు నెలలు. మూడోసారి పోతే 60 రోజులు పూర్తయ్యేలోపే మీది ముగుస్తుంది. మళ్లీ మొదటి నుంచి ఎల్‌ఎల్‌ఆర్, మళ్లీ 30 రోజులు. అందుకే ఎల్‌ఎల్‌ఆర్ వచ్చాక ఐదారు వారాలకే మొదటి టెస్టు ఇవ్వాలని చెబుతాం. ఐదో నెల దాకా వాయిదా వేసినవాళ్లకే ఈ ఇబ్బంది వస్తుంది.

హెచ్‌లో పోవడానికి కారణం సాధారణంగా స్టీరింగ్ కాదు, వేగం. వెనక్కి తీసేటప్పుడు క్లచ్ పూర్తిగా వదిలేస్తారు, బండి ఉరుకుతుంది, స్టీరింగ్ విరిచే సమయం దాటిపోతుంది. క్లచ్ సగం మీద పట్టి, యాక్సిలరేటరు ముట్టకుండా, నడిచే మనిషి వేగం కన్నా తక్కువగా రావాలి. వెనక చక్రం మలుపు మూలకు సమానంగా వచ్చాక విరవాలి. బంపరు మూల దాటగానే విరిస్తే లోపలి కంబీ తగులుతుంది. ఎడమ అద్దాన్ని కాస్త కిందకు వంచుకుంటే వెనక చక్రం, గీత రెండూ కనబడతాయి. డ్రైవింగ్ స్కూలు కారులో నేర్చుకుని టెస్టుకు బంధువుల పొడవాటి కారు తేకండి. నేర్చుకున్నదే తేండి.

బయల్దేరే ముందు బెల్టు, అద్దాలు సరిచేసుకోవడం, ఇండికేటరు కూడా టెస్టులో భాగమే. నిబంధన 15లో రాసే ఉంది. ఎత్తు ట్రాక్ మీద ఆపి కదిలేటప్పుడు హ్యాండ్‌బ్రేక్ వాడండి, వెనక్కి జారితే పోయినట్టే. తెచ్చిన బండికి ఆర్‌సీ, బీమా, పొల్యూషన్ పత్రాలు గడువులో ఉండాలి. పొల్యూషన్ గడువు తీరిపోయి ట్రాక్ ఎక్కకుండానే వెనక్కి వెళ్లేవాళ్లున్నారు.

ప్రశ్న: నాన్నగారికి 54. ఇప్పుడు మొదటిసారి లైసెన్సు తీసుకుంటున్నారు. ఇరవయ్యేళ్లు చెల్లుతుందా? – ఖమ్మం పాఠకుడు

ఆ లెక్క మారింది. 2019 సవరణ తర్వాత సొంత బండి లైసెన్సుకు గడువు జారీ నాటి వయసును బట్టి ఉంటుంది. 30 నిండనివాళ్లకు 40 ఏళ్లు వచ్చేదాకా. 30 నుంచి 50 లోపు వాళ్లకు పదేళ్లు. 50 నుంచి 55 లోపు వాళ్లకు 60 వచ్చేదాకా. 55 దాటాక ఐదేళ్లకోసారి. మీ నాన్నగారు 55వ పుట్టినరోజు లోపు తీసుకుంటే ఐదు నుంచి ఆరేళ్ల మధ్య వస్తుంది, దాటాక తీసుకుంటే ఐదే. పద్దెనిమిదేళ్లకే తీసుకునేవాళ్లకు 22 ఏళ్ల కార్డు వస్తుందన్నమాట. ట్రాన్స్‌పోర్టు బండ్లకు వయసుతో పనిలేదు, ఐదేళ్లే.

40 దాటినవాళ్లు ఫారం 1ఎ, అంటే డాక్టరు సంతకంతో వైద్య ధ్రువపత్రం ఇవ్వాలి. మంచి పగటి వెలుతురులో 25 మీటర్ల దూరాన కారు నంబరు ప్లేటు చదవగలరా అన్నది అందులో ముఖ్యమైన ప్రశ్న. అద్దాలు పెట్టుకుని చదివినా సరే. అలా చదివితే నడిపేటప్పుడూ అద్దాలు ఉండాలి. నాన్నగారికి శుక్లాల ఆపరేషన్ ఆలోచన ఉంటే అది అయ్యాక ఈ పరీక్షకు వెళ్లడం మేలు.

ప్రశ్న: నాది మామూలు కారు లైసెన్సు, అంటే ఎల్‌ఎంవీ. టాటా ఏస్ కొని కిరాయిలకు తిప్పుదామనుకుంటున్నా. ట్రాన్స్‌పోర్టు లైసెన్సు వేరే తీసుకోవాలా? – తెనాలి పాఠకుడు

2024 నవంబరు 6న సుప్రీంకోర్టు రాజ్యాంగ ధర్మాసనం దీన్ని తేల్చేసింది. మొత్తం బరువు, అంటే సరుకుతో కలిపి అనుమతించిన బరువు, 7,500 కిలోల లోపు ఉన్న రవాణా వాహనాన్ని ఎల్‌ఎంవీ లైసెన్సుతో నడపొచ్చు, లైసెన్సు మీద వేరే ఎండార్స్‌మెంటు, అంటే ప్రత్యేక నమోదు, అక్కర్లేదు. అంతకుముందు 2017లో ముకుంద్ దేవాంగన్ కేసులోనూ ఇదే చెప్పారు. బీమా కంపెనీలు దాన్ని సవాలు చేయడంతో పెద్ద ధర్మాసనం దాకా వెళ్లింది. టాటా ఏస్ ఈ హద్దుకు చాలా లోపల ఉంటుంది. ఆర్‌సీలో గ్రాస్ వెహికల్ వెయిట్ అన్న గడిలో అంకె చూసుకోండి, ఏ బండికైనా నమ్మాల్సింది ఆ అంకెనే.

ఈ-రిక్షా, ఈ-కార్ట్, ప్రమాదకర సరుకు మోసే బండ్లు దీని కిందకు రావు, వాటికి ప్రత్యేక షరతులున్నాయి. 20 ఏళ్లు నిండనివాళ్లు రవాణా వాహనం నడపకూడదన్న నిబంధన కూడా అలాగే ఉంది. మీ బండికి పర్మిట్, ఫిట్‌నెస్, వాణిజ్య బీమా వేరే కావాలి. వీటికీ లైసెన్సు తీర్పుకూ సంబంధం లేదు. వ్యక్తిగత బీమా ఉన్న బండితో కిరాయి తోలితే లైసెన్సు ఎంత సరిగ్గా ఉన్నా క్లెయిము రాదు.

ప్రశ్న: దుబాయ్‌లో నాలుగేళ్లుండి వచ్చాను. నా లైసెన్సు గడువు తీరి 14 నెలలైంది. ఫైను కట్టి రెన్యువల్ చేస్తారా? – జగిత్యాల పాఠకుడు

ఏడాది దాటింది కాబట్టి ఫైనుతో పోదు. మళ్లీ టెస్టు పాసవ్వాలి. చాలాచోట్ల ముందు ఎల్‌ఎల్‌ఆర్ కూడా తీసుకోమంటారు. అలాగని పాత లైసెన్సు సంగతి దాచి కొత్తగా దరఖాస్తు పెట్టకండి. ఒక మనిషికి రెండు లైసెన్సులు ఉండకూడదని 6వ సెక్షన్ చెబుతోంది. పేరు, పుట్టిన తేదీ కలిస్తే దరఖాస్తు అక్కడే ఆగుతుంది. పాత నంబరు రాయండి.

ఇంకా గల్ఫ్‌లో ఉన్నవాళ్ల కోసం: గడువుకు ఏడాది ముందు నుంచే రెన్యువల్ చేసుకోవచ్చు. సెలవుకు వచ్చినప్పుడు కార్డు తీసి తేదీ చూసుకోండి. గడువు తీరాక ఏడాదిలోపు అయితే టెస్టు లేకుండా రెన్యువల్ అవుతుంది, కానీ లైసెన్సు మళ్లీ బతికేది రెన్యువల్ చేసిన రోజు నుంచే. మధ్య రోజులు ఖాళీయే. ఒకప్పుడు గడువు తీరినా 30 రోజులు చెల్లేది, 2019 సవరణలో దాన్ని తీసేశారు. ఇప్పటికీ ఆ నెల రోజుల వెసులుబాటు ఉందనుకునేవాళ్లు ఊరికి పదిమంది ఉంటారు.

ప్రశ్న: మా డ్రైవింగ్ స్కూలువాళ్లు మా సర్టిఫికెట్ ఉంటే ఆర్టీఏలో టెస్టే ఉండదంటున్నారు. – విజయనగరం పాఠకురాలు

అన్ని స్కూళ్లకూ అది వర్తించదు. 2021 జూన్‌లో ఇచ్చిన నిబంధనల ప్రకారం, జులై 1 నుంచి, ప్రభుత్వ గుర్తింపు ఉన్న డ్రైవర్ శిక్షణ కేంద్రాల్లో నేర్చుకుని అక్కడి పరీక్ష పాసైతేనే మినహాయింపు. వాళ్లిచ్చేది ఫారం 5బి. వీధి చివరి స్కూలు ఇచ్చేది ఫారం 5, దానితో టెస్టు తప్పదు. గుర్తింపు కేంద్రంలో కారు కోర్సు 29 గంటలు, నాలుగు వారాల్లోపు పూర్తవుతుంది. మీ స్కూలు పది రోజుల్లో చేతికిస్తానంటే అది ఈ రకం కాదు. 2024 జూన్ నుంచి టెస్టులు ఎత్తేశారన్న వార్త ఫోన్లలో తిరిగినప్పుడు, నిబంధనలేమీ మారలేదని కేంద్రం వివరణ ఇచ్చింది. 5బి ఉన్నా దరఖాస్తు, రుసుము, అధికారి ఆమోదం మామూలే.

ప్రశ్న: దరఖాస్తులో అవయవదానానికి సమ్మతి అడిగారు. టిక్ పెడితే ఇంట్లోవాళ్లను అడగకుండా తీసేసుకుంటారా? – వరంగల్ పాఠకుడు

అలా జరగదు. ప్రమాదంలో చనిపోతే ఇవ్వడానికి ఇష్టమేనా అన్నదే ఆ ప్రశ్న. మీ ఇష్టం లైసెన్సు రికార్డులో నమోదవుతుంది. ఆసుపత్రిలో బ్రెయిన్ డెత్ నిర్ధారణ అయ్యాక కుటుంబ సభ్యుల అనుమతితోనే ముందుకెళ్తారు. మన రెండు రాష్ట్రాల్లో జీవన్‌దాన్ కార్యక్రమం కింద ఇది జరుగుతుంది. టిక్ పెట్టినవాళ్లు ఆ మాట ఇంట్లోవాళ్లకు చెప్పి ఉంచాలి.

ప్రశ్న: ఎర్ర రంగు, ఆకుపచ్చ రంగు మధ్య తేడా నాకు సరిగా తెలియదు. లైసెన్సు రాదా? – అనంతపురం పాఠకుడు

2020 జూన్ సవరణ తర్వాత స్వల్ప, మధ్యస్థ స్థాయి వర్ణాంధత్వం ఉన్నవాళ్లకు లైసెన్సు ఇస్తున్నారు. తీవ్రంగా ఉన్నవాళ్లకు ఇవ్వరు. స్థాయి ఎంతో కంటి డాక్టరు పరీక్షించి రాయాలి. దరఖాస్తుకు ముందే ఆ పరీక్ష చేయించుకుని, కాగితం చేతిలో పెట్టుకుని వెళ్లండి.

ప్రశ్న: లైసెన్సు వచ్చాక కూడా ఎల్ బోర్డు ఉంచుకోవచ్చా? హారన్లు కొట్టేవాళ్లు కాస్త ఓపిక పడతారని. – రాజమహేంద్రవరం పాఠకురాలు

పెట్టుకోవాలన్న నిబంధన లేదు. పెట్టుకుంటే హారన్లు తగ్గుతాయన్న హామీ కూడా మేం ఇవ్వలేం. తనిఖీలో ఎల్ బోర్డు చూసి పక్క సీటు ఖాళీగా ఉందేమిటని అడుగుతారు, డిజిలాకర్‌లో లైసెన్సు తెరిచి చూపిస్తే సరిపోతుంది. ఇంట్లో ఇంకెవరూ నేర్చుకోవడం లేదంటే తీసేయండి.